బుడగల తుపాకికి ఇనుప కమ్మీ

బద్వేలు చుట్టుపక్కల వలి సాహెబ్‌ను దొంగ అనని ఊరు లేదు. ఆయనది బుడగల తుపాకి అంగడి. తండ్రి దూది ఏకి బొంతలు కుట్టేవాడు. ఊళ్లోకి ఫోము పరుపులు వచ్చి ఆ పని మూలపడ్డాక, వలి సాహెబ్ ఒక ఎయిర్ గన్ కొనుక్కుని తిరునాళ్లకూ ఉరుసులకూ తిరగడం మొదలుపెట్టాడు. ఇప్పటికి ఇరవై ఏడేళ్లు. పదిసార్లు కాల్చి రెండు బుడగలు పగలగొట్టిన ప్రతి మొనగాడూ పోతూ పోతూ ఒక మాట విసిరిపోతాడు: "గొట్టం వంచి పెట్టినాడప్పా ఈ సాయిబు!" చేతులు వణికేది వీళ్లకు, గొట్టం వంగేది మాత్రం ఆయనకు! సెంటు భూమి లేని మనిషి, మంచి పేరొక్కటే తన ఆస్తి అనుకున్నాడు. ఆ పేరే ఎవరూ ఇవ్వడం లేదని ఆయన ఏడుపు.

అనిపించుకుని అనిపించుకుని ఆయనకూ అనుమానం అంటుకుంది. టీ అంగడిలో ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారనుకుంటాడు. బుడగలు ఊదుతున్న భార్య గుల్షన్ బీతో ఎవరైనా రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే, "ఏమంటాండాది ఆయమ్మ నా గురించి?" అని ఆరా తీస్తాడు.

ఈ ఏడు దర్గా ఉరుసుకు ముందు ఆయనకొక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ అంగడి ముందు అడ్డంగా ఒక చెక్క, దాని మీద తండ్రి కుట్టిన పాత బొంత ఉండేవి. జనం తుపాకిని దాని మీద ఆనించి కాల్చేవాళ్లు. మెత్తటి బొంత మీద తుపాకి కదులుతోంది, అందుకే గురి తప్పుతోందని ఆయన తేల్చుకున్నాడు. బొంత తీసేసి, వెల్డింగ్ చేయించిన ఇనుప కమ్మీ తెచ్చి బిగించాడు. ఇక దొంగ అని ఎవడంటాడో చూద్దామనుకున్నాడు.

మొదటి రోజే కొంప మునిగింది. కమ్మీ మీద ఆనించి కాల్చినవాడల్లా తప్పాడు. గుండ్లన్నీ బుడగల పైనుంచి పోయి వెనక పరదాకు తగిలాయి. మిలిటరీలో చేసి వచ్చిన ఒకాయన గుండ్లు కూడా అంతే. గొడవ పెద్దదైంది. దర్గా కమిటీ పెద్ద అబూబకర్ వచ్చాడు.

"రేపు మధ్యాన్నం నమాజయినంక అందరి ముందర నువ్వే కాల్చి చూపీ వలీ. పదింట్లో ఎనిమిదన్నా పగలల్ల. లేకుంటే అంగడి ఎత్తేయ్. మళ్లా ఈ ఉరుసుకు రావద్దు."

వలి సాహెబ్ మనసు నేరుగా షబ్బీర్ మీదికి పోయింది. షబ్బీర్ గుల్షన్ బీ తమ్ముడు. పక్కనే రింగులాట అంగడి పెట్టాడు. వారం కిందట తుపాకికి నూనె వేసింది వాడే. గొట్టం కొసనున్న గురి ముల్లును వాడే కదిలించి ఉంటాడు. లేకపోతే ఇక్కడ జనం పలచబడగానే అంతా వాడి దగ్గరే ఎందుకు చేరారు? పొద్దున పలకరింపులో అంత ప్రేమ ఎందుకు?

"వానికి నీ మీద ఏం పగ?" అంది గుల్షన్ బీ.

"అక్కాతమ్ముడూ ఒకటే మీరు" అన్నాడాయన.

మరునాడు జనం మూగారు. వలి సాహెబ్ తుపాకిని కమ్మీ మీద ఆనించి, కదలకుండా బిగబట్టి కాల్చాడు. తప్పింది. రెండోదీ తప్పింది. మూడోదీ తప్పేసరికి ఈలలు మొదలయ్యాయి. ఆయనకు ఒళ్లు మండిపోయింది. తుపాకి పక్కన పెట్టి వేలెత్తి చూపించాడు.

"దొంగను నేను కాదు, ఆ షబ్బీర్! ముల్లు కదిలించినాడు. నా కడుపు కొట్టల్లని చూస్తాండాడు!"

షబ్బీర్ చేతిలోని రింగులు కింద పెట్టి వచ్చాడు. భుజం మీది టవలు నాలుగు మడతలు వేసి కమ్మీ మీద పరిచాడు. దాని మీద అరచేయి వెల్లకిలా పెట్టి, తుపాకిని అందులో ఊరికే వాల్చాడు, బిగించి పట్టుకోలేదు. ఊపిరి వదిలి నింపాదిగా ట్రిగ్గర్ నొక్కాడు. బుడగ పగిలింది. ప్రతిసారీ చేయి అదే చోట, అదే వదులుగా. పది గుండ్లకు తొమ్మిది బుడగలు పగిలాయి.

"ఇది స్ప్రింగు తుపాకి పెద్దాయనా" అన్నాడు అబూబకర్‌తో, బావ వైపు చూడకుండా. "గట్టి ఇనుము మీద పెడితే కాల్చినప్పుడల్లా ఎగురుతాది. మెత్తగా ఆనించల్ల, వదులుగా పట్టుకోవల్ల. ముల్లు బాగానే ఉండాది. మా బావ దొంగ కాదు."

"అంగడి ఈడనే ఉండనీ వలీ" అన్నాడు అబూబకర్. జనం వరస కట్టారు.

ఎవరో ఒకరి నోట వినాలని వలి సాహెబ్ ఇన్నేళ్లూ ఎదురుచూసింది 'దొంగ కాదు' అన్న ఆ మాట కోసమే. చివరికి అన్నవాడు, ఇప్పుడే తాను నలుగురిలో దొంగ అని వేలు చూపించినవాడు.

"షబ్బీర్, కాసేపు కూర్చోరా" అన్నాడు.

షబ్బీర్ తుపాకిని ఆయన చేతిలో పెట్టాడు. "ముల్లు సరిగ్గా ఉండాదో లేదో సూసుకో బావా. ఇప్పుడు మళ్లా నేను ముట్టుకున్న్యా గదా."

వాడు వెళ్లిపోయాడు. వలి సాహెబ్‌కు చచ్చేంత సిగ్గేసింది. అయినా చూపు మాత్రం ముల్లు మీదికే పోయింది.