టీకా లైన్లో చెప్పులు

భయపడకుండా ముందుకొచ్చి టీకా వేయించుకోండని టీవీలో రోజూ చెప్తున్నారు కదా. ఈ రోజు నేనూ, మా పక్కింటి పైడమ్మ పిన్నీ తెల్లారకుండానే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. అప్పటికే గేటు దాకా చెప్పుల లైను ఉంది. గంటల తరబడి నిలబడలేక, ఎవరి చెప్పులు వాళ్లు వరసలో పెట్టి గోడ వారన కూర్చోవడం మా దగ్గర అలవాటు. ఆ చెప్పుల్ని దాటి ఎవరూ ముందుకెళ్లరు.

పదకొండింటికి ఒక తెల్ల కారొచ్చింది. మా ఊరి నాయకుడి ఇంటిల్లిపాదీ దిగి, నేరుగా లోపలికెళ్లి, జబ్బ మీద దూది ఒత్తుకుంటూ బయటికొచ్చారు. గుమ్మంలో ఫొటో కూడా దిగారు. కాసేపటికి నర్సు వచ్చి, "ఈ రోజుకి స్టాకు అయిపోనాది, రేపు రండి" అంది.

పిన్ని లేచింది. పోయిన నెలే కరోనాకి మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి.

"మరి ఆల సెప్పులు లైన్లో కనపడనేదేటమ్మా?"

"నానేటి సేసేది పెద్దమ్మా? పైనుంచి ఫోనొచ్చినాది," అంది నర్సు తల దించుకుని.

రేపు తనే ముందుండాలని పిన్ని చెప్పులు గుమ్మం ముందే వదిలేసి, కాలిపోతున్న తారు రోడ్డు మీద ఇంటిదాకా నడిచింది. పక్కనే నేను, సిగ్గు లేకుండా, చెప్పులేసుకుని నడిచాను.

ఇందాక టీవీలో మళ్లీ చెప్పారు, ముందుకు రండని. రేపూ వెళ్తాం. మీ ఊళ్లో ఎలా ఉంది? లైను కార్లక్కూడా ఉందా, చెప్పులకేనా?