మూడో ఆకులో ఉప్పు

దయ్యం పట్టిందన్న ఇంటికల్లా వెళ్లి, ఆ పట్టినదేదో నాకూ చూపించమని అడిగిన మనిషిని నేను. కడప, కర్నూలు జిల్లాల్లో తాయెత్తులు కట్టేవాళ్లతో, సోదె చెప్పేవాళ్లతో సభలు పెట్టి వాదించాను. రెండు ఊళ్లలో నా మీద రాళ్లు పడ్డాయి. కాబట్టి ఇది చదివి, వయసు మళ్లాక వీడికి బుద్ధి వచ్చిందని ఎవరూ సంతోషించనక్కర్లేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

ముందుగా నా బలహీనత ఒకటి ఒప్పుకోవాలి. నాకు తిండి యావ ఎక్కువ. ఉపన్యాసానికి ఏ ఊరు పిలిచినా, సభ ఎక్కడని అడగక ముందే భోజనం ఎక్కడని అడిగేవాణ్ణి.

నా వ్యాసాల పుస్తకం కర్నూల్లో అచ్చవుతుంటే, తప్పులు దిద్దడానికి మూడు నెలలు అక్కడ ఉండాల్సి వచ్చింది. మిత్రులు తుంగభద్ర ఒడ్డున గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు చూశారు. నేను వద్దన్నాను. కోట బురుజుకు దగ్గరగా, బజారు నడిమధ్యన, రెండు సందులు కలిసేచోట మిద్దె మీది గది ఒకటి ఎంచుకున్నాను. పొద్దున సందు మొదట్లో ఉగ్గాని, బజ్జీలు. సాయంత్రం మసీదు వీధిలో బొగ్గుల మీద కాలే కబాబులు. మధ్యాహ్నం మెట్లు దిగితే చాలు, అచ్చమ్మ పూటకూళ్ల ఇల్లు. దుమ్ము, గోల, ఈగలు అన్నీ ఉన్నాయి. ఒక్క గాలే లేదు. అయినా ఊళ్లో నాకు అంతకంటే మంచి చోటు లేదనుకున్నాను.

అచ్చమ్మకు యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక ఆ ఇంట్లో కింద భోజనం పెడుతూ, పై గది బాడుగకిచ్చేది. గది చూడ్డానికి వెళ్లిన రోజే కింద తిన్నాను. జొన్నరొట్టె, గురుగాకు పప్పు, వంకాయ పుల్లగూర. అలాంటి పప్పు నేను మళ్లీ ఎక్కడా తినలేదు. కానీ గోడ వెంట ఎనిమిది ఆకులు పట్టే ఆ హాల్లో ఆ పూట నాతో కలిపి ముగ్గురమే ఉన్నాం. మూడో చోటు వదిలేసి కూర్చోబెట్టింది. ఎందుకని అడిగాను.

"ఆడ కూచుంటే కూడు సప్పగుంటాదంటప్పా. ఉప్పు మాయమైతాదంట. ఎవుడో ఒకడన్న్యాడు, ఊరంతా పట్టుకున్న్యారు" అంది. ఇంకో గరిటె పప్పు వేస్తూ, "ఈ పొయ్యి ఆరితే నేను రాయచోటికి పోయి మా మరిది ఇంట్లో వంటమనిషిగా పడుండాల. ఆయప్ప ఎప్పుడెప్పుడా అని కాసుకోనుండాడు" అంది.

ఎవరో మంత్రగాడు శాంతి చేస్తానని వచ్చి వెళ్లాడట. వాణ్ణి మళ్లీ గడప తొక్కనివ్వొద్దన్నాను. పది రోజుల్లో పఠన మందిరంలో నా సభ ఉంది. ఈలోగా మూడో ఆకు దగ్గర నేనే కూర్చుని తింటాను, అక్కడేమీ లేదని ఊరందరి ముందూ చెబుతాను అని మాట ఇచ్చాను. అక్కడ ఒక్క ముద్ద అయినా తినకుండానే తీర్పు చెప్పేశాను. నాలాంటివాళ్లు తరచూ చేసే తప్పే అది.

మర్నాడు మూడో చోట కూర్చున్నాను. పప్పు చప్పగా ఉంది.

ముందు ఎదురింటి కాఫీ హోటలు యజమానిని అనుమానించాను. అచ్చమ్మ దగ్గర జనం తగ్గితే వాడికి లాభం. కానీ వండేదీ వడ్డించేదీ అచ్చమ్మ ఒక్కతే. మధ్యలో ఎవరి చెయ్యీ పడదు. అయితే అచ్చమ్మనే అనుమానించాలి. నన్ను సభలో నవ్వులపాలు చెయ్యడానికి నాతో వాదానికి దిగినవాళ్లు ఆమెను తమ వైపు తిప్పుకున్నారేమో అనుకున్నాను. ఆకులకు ఏదైనా పూశారేమోనని బజారులో నేనే విస్తళ్లు కొనితెచ్చాను. గరిటె నేనే పట్టి, ఒకే కుండలోంచి రెండో ఆకులోనూ మూడో ఆకులోనూ పప్పు వేశాను. రెండో చోట ఉప్పు సరిగ్గా ఉంది. మూడో చోట లేదు.

రెండో ఆకులోంచి ఒక ముద్ద తీసి మూడో ఆకులో పెట్టి, సగం తిన్నాను. చప్పన. మిగతా సగం వెనక్కి తెచ్చి రెండో చోట కూర్చుని తిన్నాను. అప్పుడూ చప్పనే. చివరికి ఒక ఉప్పుగల్లు ఆ ఆకులో వేసి నమిలితే ఇసుకలా కరకరమంది, అంతే.

ఇక మిగిలింది నా నాలుకను అనుమానించడం. ఆ ఊళ్లో నాలాగే దేన్నీ నమ్మని మనిషి ఇంకొకడున్నాడు. ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి మానుకున్న ఖాదర్ సాహెబు. ఆయన్ని తెస్తానంటే అచ్చమ్మ తటపటాయించింది. "సాయిబును పంక్తిలో కూచోబెట్టినానని తెలిస్తే ఉన్న ఇద్దురూ రారప్పా" అంది. మళ్లీ తనే, "పోనీలే, ఇంగ పోయేదేముండాది. తలుపులేసినాక పిల్చుకోనిరా" అంది. కులాల మీద నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ కలిపినా అంత పని చేసి ఉండవు.

ఖాదర్ సాహెబుకు నేనేమీ చెప్పలేదు. రెండో ఆకు దగ్గర పుల్లగూర తిని తల ఊపాడు. మూడో ఆకు దగ్గరకు జరిగి అదే కూర నోట్లో పెట్టుకున్నాడు.

"ఏం పంతులూ, నేనేమన్నా మంచం పట్టినానా? ఆస్పత్రి కూడు పెడతాండావే!" అన్నాడు.

అచ్చమ్మ చేతిలో గరిటె కింద పడింది.

ఆయన ఉప్పుగల్లు కూడా నమిలి చూశాడు. ఇంకొకటి ఆ ఆకులోంచే తీసి కాగితంలో పొట్లం కట్టుకుని వెళ్లాడు. మర్నాడు వచ్చి, "చూస్తే ఉప్పే. నీళ్లల్లో కరిగింది. నాలుక్కి మాత్రం ఉప్పు కాదు. నన్ను ఇంకేమీ అడగొద్దు" అన్నాడు.

అప్పుడు అచ్చమ్మ మా ఇద్దరికీ చెప్పింది. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన చీరల వర్తకుడొకాయన, వెనకా ముందూ ఎవరూ లేనివాడు, తొమ్మిదేళ్లు ఆ మూడో చోటే కూర్చుని తిన్నాడు. ఆయన కాళ్లకు నీరు చేరితే డాక్టరు ఉప్పు మానమన్నాడు. అయిదు నెలలు ఆయనకు వేరే కుండలో చప్పగా వండింది. ఆయన రోజూ ఆకు ముందు అరచెయ్యి చాచి, ఒక్క గల్లు వెయ్యమనేవాడు. ఉప్పు చేతికివ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ పోట్లాట వస్తుందని మన ఇళ్లలో పట్టింపు ఉంది కదా. ఆమె దాన్నే సాకు చేసుకుని, "మనకు కొట్లాటలెందుకులేప్పా" అని నవ్వేసేది. ఆయనా నవ్వేవాడు. ఒకరోజు అలాగే అడిగి, నవ్వి, తిని, చెయ్యి కడుక్కొచ్చి, ఆ గోడకు చేరగిలబడి ప్రాణం విడిచాడు.

"ఒక్క గల్లు ఏసింటే ఏమయ్యేది?" అంది అచ్చమ్మ.

"ఏసింటే ఇంకా ముందే పోయేటోడు. నువ్వు చేసిందే సరి, అక్కా" అన్నాడు ఖాదర్ సాహెబు. ఆమె వినిపించుకోలేదు.

నా అనుమానం అప్పటికీ తీరలేదు. ఆమె మనసులోని బాధ ఆమె చేతిని వణికించవచ్చు. కుండలో ఉప్పు మరిపించవచ్చు. కానీ నేను కొన్న ఆకులో నేను వేసిన ఉప్పును అది ఎలా చప్పబరుస్తుంది?

సభ రోజు వచ్చింది. మందిరం నిండిపోయింది. కాఫీ హోటలు యజమాని ముందు వరుసలోనే ఉన్నాడు. వెనక తలుపు దగ్గర ఆడవాళ్లతో అచ్చమ్మ నిలబడి ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబితే మర్నాటికి ఆమె పొయ్యి ఆరుతుంది, మంత్రగాడు జిల్లా అంతా నా పేరు చెప్పుకుని బతుకుతాడు. లేచి, "మూడో ఆకు దగ్గర పది రోజులు తిన్నాను. మిగతా ఆకుల్లో ఎంత ఉప్పుందో అందులోనూ అంతే ఉంది" అన్నాను. చప్పట్లు మోగాయి. వేదిక మీద నేనాడిన అబద్ధం నాకు తెలిసినంతలో అదొక్కటే. ఆమె పొయ్యి కోసం ఆడానో, నా పేరు కోసం ఆడానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మర్నాటి నుంచి జనం వచ్చారు. రెండు వారాలకు గుమ్మం బయట నిలబడి తమ వంతు కోసం చూసేవాళ్లు. మూడో చోట ఇంకెవరూ కూర్చోకూడదు గనక అది నేనే పట్టుకున్నాను. ఇటు ఒకడు పుల్లగూర జుర్రుకుంటుంటే, అటు ఒకడు వేళ్లు నాకుతుంటే, మధ్యన నేను చప్పిడి కూడు మింగుతూ, "ఈపూట పప్పు భలే కుదిరిందక్కా" అని పదిమందికీ వినబడేలా అనేవాణ్ణి. అచ్చమ్మ నా వంక చూసేది కాదు. తిండి కోసం ఊరి నడిమధ్యన గది తీసుకున్న మనిషి రెండు నెలల పైన తిన్న భోజనం అది.

పుస్తకం అచ్చయిపోయింది. ఊరు వదిలే రోజు అందరూ తిని వెళ్లాక ఆకు ముందు కూర్చున్నాను. అచ్చమ్మ పప్పు వడ్డించి, లోపలికి వెళ్లి ఉప్పు చిప్ప తెచ్చింది.

"చెయ్యి పట్టప్పా" అంది.

ఇలాంటి శాంతులన్నీ వద్దని ఊరూరా చెప్పినవాణ్ణి, అరచెయ్యి చాచాను. ఆమె అందులో ఒక్క గల్లు వేసింది. వేసేటప్పుడు నా ముఖం చూడలేదు. నా భుజం పక్కన గోడను చూసింది. ఆ గల్లు పప్పులో నలిపి కలుపుకుని తిన్నాను.

ఉప్పు సరిపోయింది.

ఇంకో గల్లు వేసి చూడాల్సింది. రెండో ఆకులోంచి ముద్ద తెచ్చి పోల్చాల్సింది. ఖాదర్ సాహెబును పిలవాల్సింది. నేనైతే ఇంకొకణ్ణి ఇవన్నీ అడిగి ఊపిరాడనిచ్చేవాణ్ణి కాదు. ఆ పూట మాత్రం ఏదీ చెయ్యకుండా, ఆకులో ఉన్నదంతా తినేసి లేచాను. ఎందుకలా చేశానో ఉప్పు సంగతి లాగే నాకు అంతుపట్టలేదు.