జడలో దాచిన జామ ముక్క

స్వాతంత్ర్యం రాకముందు మాట. నాకప్పుడు ఎనిమిదేళ్లు. వడమాలపేటలో మా బడి అయ్యవారు తన పెంపుడు చిలుకను పిల్లలకు చూపించడానికి తెచ్చారు. ఒళ్లంతా పచ్చన, తల మాత్రం గులాబీ రంగు!

"తలకు కుంకుమ పూసినారా, అయ్యవారూ?" అన్నాను.

"లేదు మే, దాని రంగే అంత. మన కొండల్లో ఉండే చిలకే ఇది," అన్నారాయన.

పంజరం తెరవగానే అది నా పక్కనున్న కమల భుజం మీద వాలింది. నాకు కడుపు మండిపోయింది.

మర్నాడు కూడా చిలుకను తెస్తారని తెలిసి, జడలో జామ ముక్క దాచుకుని వెళ్లాను. చిలుక నా దగ్గరికే వచ్చింది. ముక్కతోపాటు నా చెవినీ కొరికింది. రక్తం చూసి బావురుమన్నాను.

"ఈడికి రా," అని కమల చెయ్యి చాపింది. చిలుక బుద్ధిగా వెళ్లి ఆమె వేలి మీద కూర్చుంది.

చెవి గాయం వారంలో మానింది. కమల ఒక్క పిలుపుకే అది వెళ్లిపోయిందే, ఆ మంట మాత్రం ఈ వయసులోనూ చల్లారలేదు.