అందరూ టీ తాగి రండి

మా తాత చేసే సబ్బుకు ఉన్న ఒకే ఒక్క సుగుణం గట్టిదనం. నురగ పెద్దగా రాదు, వాసన అసలే రాదు. కానీ నీళ్లలో మర్చిపోయినా కరగదు. సుత్తి కనబడనప్పుడు దాంతోనే గోడకు మేకులు కొట్టుకున్న ఇల్లు మాది.

మా దేశం చూస్తే అరచేతంత. ఈ చివర మొగుడూ పెళ్లాం మాటామాటా అనుకుంటే ఆ చివర తీర్పు చెప్పేస్తారు. ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో అందరికీ తెలిసిపోయే అలాంటి చోట, తన గంగాళంలో ఏం ఉడుకుతోందో మాత్రం పురుగుకైనా తెలియకూడదని తాత పట్టుదల.

నూనె కాచడం, కాస్టిక్ సోడా నీళ్లు కలపడం, తెడ్డు తిప్పడం అన్నీ పనివాళ్ల ఎదుటే జరిగేవి. తీరా అచ్చుల్లో పోసే సమయానికి తాత నడుం నిటారుగా చేసి, గొంతు సవరించుకుని, "అందరూ టీ తాగి రండి" అనేవాడు. వాళ్లు బయటికి పోయాక షెడ్డు తలుపు గడియ పెట్టి, మూల గోనెపట్టా కింద దాచిన చెంబు తీసి, అందులోని ఉప్పు నీళ్లు గంగాళంలో పోసేవాడు. సబ్బు గట్టిపడేది దానివల్లే. తండ్రి ఆఖరి రోజుల్లో ఒట్టేయించుకుని చెవిలో చెప్పిన మహా రహస్యం అదీ. ఒక చెంబెడు ఉప్పు నీళ్లు.

ఆ చెంబు తనే వంచాలి కాబట్టి తాత రెండో గంగాళం పెట్టలేదు. తనకు జ్వరమొస్తే పొయ్యికీ జ్వరమే. పని సగమే నేర్పుతాడని పనివాళ్లు నిలిచేవాళ్లు కాదు, ఒక్క తెడ్డు తిప్పే మనిషి తప్ప. వేరే గతిలేక నిలిచానని అతనే చెప్పుకునేవాడు. కన్నకొడుకైతే బస్సు నడపడానికి పోయాడు. బస్సులో ఏ గేరు ఎందుకో ముందే చెబుతారట. ఓసారి పరిశ్రమల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, నూనె ఉంది, రేవు ఉంది, మనుషులున్నారు, అయినా సబ్బు పరాయి దేశం నుంచి ఎందుకు దిగుతోందని అడిగాడు. తాత కరెంటును తిట్టాడు, రోడ్లను తిట్టాడు, వానలను కూడా వదల్లేదు. చెంబు ఊసు మాత్రం ఎత్తలేదు.

పరాయి సబ్బు రంగు కాగితాల్లో కొట్లన్నీ ఆక్రమించేసరికి తాత పొయ్యి వారానికోసారి వెలగడం మొదలైంది. ఇక మూసేద్దామనుకుంటుండగా ఓడల కంపెనీకి సరుకులు కొనే ఆవిడ వచ్చింది. ఓడల మీద వాడకానికి త్వరగా కరగని సబ్బు కావాలంది. కాకపోతే చాలా కావాలి, అంతా ఒకేలా ఉండాలి. తను వచ్చిన ఓడ మళ్లీ రేవుకు తిరిగొచ్చేలోపు నమూనా చూపించాలి. ఒక్క గంగాళంతో అయ్యే పని కాదు. దేశంలో ఉన్నవే మూడు సబ్బు షెడ్లు. తాతది ఒకటి, ఆయన వియ్యంకుడిది ఒకటి, బావమరిదిది ఒకటి. ముగ్గురూ పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని తింటారు గానీ, ఒకరి షెడ్డులో ఒకరు ఏనాడూ అడుగుపెట్టలేదు.

ఈసారి పెట్టక తప్పలేదు. నమూనా తాత షెడ్డులోనే కాచారు. తెడ్డు వంతులవారీగా తిప్పుకున్నారు, ఒకరి నూనెను ఒకరు మెచ్చుకున్నారు. గంగాళంలో సబ్బు చిక్కబడుతుండగా ముగ్గురూ తలుపు వైపు చూడసాగారు.

ముందు వియ్యంకుడు దగ్గాడు. "బావగారూ, మీరిద్దరూ కాస్త టీ తాగి వస్తారా?"

తాతకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. అయినా మర్యాద కదా, వెళ్లాడు. వచ్చాక బావమరిది, "బావా, ఇప్పుడు మీరిద్దరూ" అన్నాడు. మళ్లీ వెళ్లారు. చివరికి తాత తన వంతు అడిగి వాళ్లిద్దరినీ పంపి గడియ పెట్టుకున్నాడు. టీ కొట్టువాడికి ఆ రోజు పండగే.

మర్నాడు అచ్చులు విప్పితే సబ్బు బిళ్లగా రాలేదు. ఇసుకలా పొడిపొడిగా రాలింది. వియ్యంకుడు బావమరిది సోడాను అనుమానించాడు. బావమరిది తాత గంగాళాన్ని అనుమానించాడు. తాత ఇద్దరినీ అనుమానించాడు. మాటలు పెరిగి ఉమ్మడి పని అక్కడితో చెడేలా ఉందనగా నాయనమ్మ వచ్చింది. రాలిన పొడి వేలితో అద్దుకుని నాలుకకు రాసుకుని, తుపుక్కున ఊసింది.

"ముగ్గురూ ఉప్పు నీళ్లు పోశారు" అంది.

ముగ్గురి తాతలూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారని, ఆ మేస్త్రీ ముగ్గురికీ విడివిడిగా, నీ ఒక్కడికే చెబుతున్నానని ఇదే చెప్పి ఉంటాడని అప్పుడు తట్టింది వాళ్లకు.

"ముగ్గురివీ ఉప్పు నీళ్లేనని నీకెలా తెలుసు?" అన్నాడు తాత.

"నేను పుట్టింది సబ్బు ఇంట్లో, మెట్టింది సబ్బు ఇంట్లో. చిన్నప్పుడు మా నాన్న ఒట్టేయించుకున్నాడు. కాపురానికొచ్చాక చెంబు కడుగుతూ దొరికిపోతే మీరు వేయించుకున్నారు. ఎవరి ఒట్టు తీసి గట్టుమీద పెట్టమంటారు?"

తమ్ముడి వైపు తిరిగి, "నువ్వేం నవ్వకు" అని కూడా అంది.

రెండోసారి కాచినప్పుడు ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ ఒకే చెంబు వంచారు. పెళ్లిపీటల మీద కూడా తాత అంత సిగ్గుపడలేదట. బిళ్లలు రాళ్లలా వచ్చాయి.

ఓడ తిరిగొచ్చింది. ఆవిడ బిళ్లను నీళ్లలో నానబెట్టి, బల్ల మీద కొట్టి చూసి బాగుందంది. తర్వాత అడిగింది. "దీన్ని గట్టిపరిచేది ఎవరు? ఆయనకు జ్వరమొస్తే నా ఓడలు ఏం చేయాలి?"

ఈ ప్రశ్నకు కరెంటును తిట్టి లాభం లేదు. తాత గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఎన్నో ఏళ్లుగా తెడ్డు తిప్పుతున్న ఆ మనిషిని పిలిచి, చెంబు అతని చేతిలో పెట్టి, చెప్పాడు.

"ఉప్పు నీళ్లు. ఇవాళ్టి నుంచి నువ్వే పోయాలి."

"తెలుసు పెద్దాయనా. తలుపు సందులోంచి అందరం చూసేవాళ్లం. మీరు బాధపడతారని ఊరుకున్నాం" అన్నాడతను.

ఆవిడ ఆర్డరు ఇస్తున్నట్టు చెప్పింది. తెడ్డు మనిషి పొయ్యి మీది గంగాళంలోకి చెంబు వంచడానికి ముందుకు వంగాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. తాత చూస్తూ నిలబడలేకపోయాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరూ చెప్పకుండానే టీ తాగడానికి బయటికి వెళ్లిపోయాడు.