కొత్తల్లుడు నల్లా విప్పిన రోజు

ఆ కాలంలో నాకు చేతకాని పని ఒకటుందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ని. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లాం, కొత్త ఫోను. ఏ పని ఎలా చెయ్యాలో ఫోనులో వీడియో చూస్తే చాలు, వచ్చేసినట్టే అనుకునేవాణ్ని (ఈత కూడా అలాగే నేర్చుకున్నాను, ఇప్పటికీ నీళ్లలో దిగలేదు). ఆ ధీమాతోనే జహీరాబాద్‌లోని అత్తగారింటికి వెళ్లాను. కొత్తల్లుడి ఎదుట పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు అని మా అత్తగారికి గట్టి పట్టింపు. తలుపు చాటు నుంచి ఆవిడ కూతురితో "తింటరేమో అడుగు బిడ్డా" అనేవారు. అది నాకు స్పష్టంగా వినబడేది. అయినా మా ఆవిడ వచ్చి మళ్లీ అడిగేది, "తింటానని చెప్పు" అని నేను గంభీరంగా అనేవాణ్ని.

వాకిట్లో నల్లా కారుతోంది. మున్సిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మర్నాడు, ఆ నీళ్లు రాని రోజున, కోహీర్ నుంచి మా ఆవిడ మేనత్తలంతా కొత్త జంటను చూడ్డానికి భోజనానికి వస్తున్నారు. మిద్దె మీది ట్యాంకులో ఉన్న నీళ్లే వాళ్లందరికీ ఆధారం. ఈ నల్లాకు నీళ్లొచ్చేదీ ఆ ట్యాంకు నుంచే. "ప్లంబర్‌ను పిలుస్త, జర ఆగుండ్రి" అన్నారు మామగారు. "వాషర్ పోయింది మామయ్యా, ఇంతదానికి ప్లంబరా!" అన్నాను. అల్లుడి మాట కాదనలేక పానా నా చేతిలో పెట్టి, కూతుర్ని వెంటబెట్టుకుని కూరగాయలకు బజారుకు వెళ్లారు. ఇంట్లో నేను, తలుపు చాటున అత్తగారు, గోడ మీద ఒక పిల్లి మిగిలాం.

పానా బిగించి తిప్పబోతుంటే వంటింట్లోంచి గొంతు వినిపించింది. "ఓ పిల్లీ, మెట్ల కింద వాల్వు ఉన్నది సూడవే. ఎవరన్న ముందుగాల అది బంద్ చేస్తరే." పిల్లి ఒళ్లు నాక్కుంటోంది. పాపం, ఒంటరిగా ఉండి ఉండి పిల్లితో మాట్లాడటం అలవాటైనట్టుంది అని జాలిపడి, ఒక్క తిప్పు గట్టిగా తిప్పాను. నల్లా మొత్తం ఊడి చేతికొచ్చింది. నీళ్లు నా ఛాతీ మీదికి దూకాయి. బొటనవేలు అడ్డం పెడితే చుట్టూ చిమ్మాయి, అరచెయ్యి పెడితే ముఖాన కొట్టాయి. "వాల్వే పిల్లీ, వాల్వు!" అంటున్నారు అత్తగారు. తానే వెళ్లి కట్టేద్దామంటే ఆ మెట్ల దగ్గరికి నా ముందు నుంచే పోవాలి. చుట్టాల కోసం దాచిన నీళ్లతో పాటు నా పరువు కూడా మోరీలోకి పోతోంది. ఇంతలో నాలుగు చుక్కలు మీద పడగానే పిల్లి గోడ దూకి పారిపోయింది. ఇక ఆవిడకు మాట్లాడటానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. "అరె, నీకే చెప్తున్న! ఇనవడ్తలేదా? జరుగు అవుతలికి!" అంటూ అత్తగారు నీళ్లలోంచి దూసుకెళ్లి వాల్వు కట్టేశారు. అప్పుడు తన పట్టింపు గుర్తొచ్చి నాలుక కరుచుకుని, కొంగు తలమీదికి లాక్కున్నారు. "మీరు పిల్లితో అంటున్నారనుకున్నాను అత్తమ్మా" అన్నాను, నిలువునా కారుతూ. ఆవిడ నవ్వు ఆపుకోలేక మెట్ల మీదే కూలబడ్డారు. ఈ గోల విని పక్కింటి ఖాలా (ఉర్దూలో పిన్నమ్మ) గోడ మీదుగా పైపు అందించింది. "ఫికర్ చెయ్యకు అక్కా, మా బోరు ఉన్నది గద. ట్యాంకు నింపుకోండ్రి."

బజారు నుంచి వచ్చిన మామగారు నన్ను చూడగానే ప్లంబర్‌కు ఫోన్ చేశారు. ఆ పూట అన్నం అత్తగారే వడ్డించారు. కూతురివైపు చూడకుండా, నేరుగా నాతోనే అన్నారు: "తిను బిడ్డా. తిని సప్పుడు చెయ్యక కూసో. ఇంట్ల దేన్నీ ముట్టకు." ఇప్పుడు మా ఇంట్లో ఏది కారినా నేను పక్కకు తప్పుకుంటాను. పానా పట్టే ధైర్యం మళ్లీ రాలేదు. ఆ తడిసిన కొత్తల్లుణ్ని తలుచుకుంటే మాత్రం ముద్దొస్తాడు. ఆ రోజు అతనికి పని సరిగ్గా వచ్చి ఉంటే, మా అత్తగారు ఇంకా ఎన్నేళ్లు నాతో మాట్లాడకుండా ఉండేవారో!