ఎడ్లు లేని తెప్ప

సంగారెడ్డి అంగట్ల చేపలమ్మే ఆడోళ్ళ వరుసల కూసునే ఒక్క మొగోన్ని నేనే. పోచయ్య నా పేరు. పొలుసు గీకుడు, ముక్కలు కొట్టుడు, బేరమాడెటోళ్ళతోని కొట్లాడుడు అన్నీ వచ్చు. చూసినోళ్ళు నవ్వుతరు. నవ్వనియ్యి. చెరువు మీద నేను చేసిన ఘనకార్యం చూసుంటె ఇంకెంత నవ్వేటోళ్ళో!

మాది ఎవుసం చేసే ముదిరాజుల ఇల్లు. భూమి కంపెనీల కింద పోయింది, నేను పటాన్‌చెరు దిక్కు ఒక పంకల కంపెనీల పనికి కుదిరిన. తొంభై ఏడుల దానికి తాళం వడ్డది. ఇస్నాపూర్ల కిరాయి అర్ర ఖాళీ చేసి, నా పెండ్లాం సుమిత్రను తీస్కొని, సంగారెడ్డి అవతల గుట్టల నడుమ ఉండే అత్తగారూరికి ఇల్లుటం అల్లునిగ పోయిన. మామ ఇంట్ల కూసోని తింటె ముద్ద గొంతు దిగదంటరు. నాకు మంచిగనే దిగింది, అదే సిగ్గుచేటు.

మామ పేరు లింగం. పుట్టినకాడికెల్లి ఆ చెరువుల చేపలు పట్టినోడు. కండ్లకు పొరలొచ్చి, ఇప్పుడు ఎండా నీడా తప్ప ఏం కానరాదు. కొడుకులు లేరు, సుమిత్ర ఒక్కతే బిడ్డ. చేపల సంఘంల ఆయనకు ఒక పాలుంది, అంటె పట్టిన చేపలల్ల వాటా. మా ఇంట్ల పొయ్యి అంటుకునేదే ఆ పాలుతోని. ఒకనాడు సంఘం పెద్ద ఐలన్న వచ్చి అరుగు మీద కూసున్నడు.

"లింగన్నా, నువ్వు నీళ్ళల్ల దిగక శానా దినాలాయె. నలుగురు అడుగుతున్నరు. వానలు వడే లోపట మీ ఇంటికెల్లి ఒక్కలు తెప్ప మీద నిలవడి వల విసిరి సూపెట్టాలె. లేకుంటె పాలు వేరేటోళ్ళకు పోతది. నేను ఆపలేను" అన్నడు.

మామ నా దిక్కు మొఖం తిప్పిండు. నేను మీసం మీద చెయ్యేసి, "గిదేం పెద్ద పని మామా! ఆ దినం సూడు నా తడాఖా" అన్న. సూడుమన్నది సూపు లేని మనిషిని. గంత తెలివి నాది.

తెప్పంటె ఓడ గీడ కాదు. కంపెనీలు పారేసిన థర్మాకోల్ గడ్డలను యూరియా సంచులల్ల కుక్కి కుట్టిన, తలుపంత పలక. కూసోని తెడ్డేసుడు ఎవ్వలైనా చేస్తరు. నిలవడి పోవాలె, నిలవడి వల విసరాలె, గదీ పని. నాకేమో లోపల్లోపల గర్వం. వరి మడిల జంబు తోలినోన్ని నేను. జంబంటె ఎడ్ల ఎనక కట్టే కట్టె పలక. రైతు దాని మీద నిలవడి ఎడ్లను తోలుతుంటె బురద మడి సాపయితది. పలక మీద నిలవడుడు నాకొకలు నేర్పాల్నా?

మొదటి దినం పంచె ఎగ్గట్టి తెప్పెక్కిన. జంబు మీద ఎట్ల నిలవడుతనో గట్లనే, కాళ్ళు బిగవట్టి, నడుం ఎనక్కి వాల్చి నిలవడ్డ. జంబు మీదనైతె ముందట ఎడ్లు గుంజుతుంటయి, పగ్గం పట్టుకొని ఎనక్కి వాలితేనే నిలుస్తం. ఈడ ఎడ్లేవి? తెప్ప ముందటికి జారింది, నేను ఎల్లెల్కల ఎనక్కి పోయిన. పోయేటోన్ని ఊకె పోతనా? అలవాటు కొద్ది "హో... హో..." అని ఎడ్లను ఆపుకుంట పోయిన.

గట్టు మీద బర్లు కాసే బక్కమ్మ కడుపు పట్టుకొని కూలవడ్డది. "ఓ అల్లుడా! ఎడ్లు గిట్ల మునిగినయా ఏంది?" అని ఒర్రింది. పొద్దుమీకే వరకు ఊరంత తెలిసింది. అటెన్క నేను చెరువుకు పోతుంటె ఎవడో ఒకడు "బావా, ఎడ్లకు గడ్డి ఏసినవా?" అనేటోడు. కోపానికొచ్చి రాయి అందుకునేటోన్ని. అది కూడ తగలకపోయేది.

దినాం పోయిన, దినాం వడ్డ. మామ గట్టు మీద కూసోని, నేను నీళ్ళల్ల వడ్డ సప్పుడు విని "మళ్ళేనా?" అనేటోడు. సుమిత్ర పక్కకు కూసునేది. ఒకసారి మెల్లగ, "ఎనక్కి వాలకయ్యా. మోకాళ్ళు సడలియ్యి. నీ కాళ్ళు కాదు, సూపు ముందుగాల పోవాలె" అన్నది.

"నీకేం ఎరుక? ఎప్పుడన్న ఎక్కినవా?" అని కసిరిన. ఆ ఊర్ల ఆడది తెప్ప ఎక్కదు. ఎక్కితె గంగమ్మ అలుగుతదని ఒక పట్టింపు.

సంఘం పెట్టిన పరీక్ష దినం రానే వచ్చింది. నాకు రాత్రంత నిద్ర లేదు. పాలు పోతె మామ బతుకు ఏమైతది, మేం ఏ మొఖంతోని ఆడ ఉంటం? నిజంగనే భయమైంది. సంఘమోళ్ళంత గట్టెక్కిండ్రు. వల భుజానేసుకొని, నడి చెరువు దాకనైతె పోయిన. అదే నాకు నమ్మబుద్ధి కాలే. ఇగ వల విసరాలె. విసిరిన. వల పోయింది, దాని ఎనకనే నేను పోయిన.

ఈత నాకొచ్చు, గానీ వల కాళ్ళకు సుట్టుకున్నది. తన్నిన కొద్ది బిగిసింది. రెండు గుటుకలు నీళ్ళు మింగిన. పైకి తేలి "సచ్చిన్రో!" అని మొత్తుకొని మళ్ళ మునిగిన. మళ్ళ తేలెసరికి ఒక తెప్ప నా మీదికే వస్తున్నది. దాని మీద, చీర కాసె పోసి, నిలవడి తెడ్డేసుకుంట మా సుమిత్ర! ఊగుడు లేదు, తడవడుడు లేదు. వంగి నా జుట్టు పట్టి గుంజింది. మిగిలిన జుట్టు ఇదే.

తెప్ప అంచుకు వేలాడుకుంట ఒడ్డుకు వస్తుంటె గట్టు మీద ఒక్కలు మాట్లాడుతలేరు. ఆడది తెప్పెక్కింది మరి! ఆ నిశ్శబ్దంల మామ ఒక్కడే లేచి నిలవడ్డడు.

"ఇన్నరా? వడ్డోడు మళ్ళెక్కిండు! తెడ్డు సప్పుడు లేకుంట ఎట్ల వస్తున్నదో ఇన్నరా తెప్ప! అది నా అల్లుడు! భలే కొడుకా!"

ఐలన్న నా దిక్కు సూసి నోటి మీద వేలు పెట్టిండు. ముసలాయన సంబురం చెడగొట్టకు, మేం ఊకుంటం అన్నట్టు. "ఔ మామా" అంటె అయిపోయేది. పాలు మాకే ఉండేది. సుమిత్ర నా మొఖం సూస్తలేదు, తెడ్డు సూస్తున్నది. ధర్మాత్మున్నని కాదు, మళ్ళ దినాం ఆ తెప్పెక్కాలంటె భయం గూడ ఉండె. ఏదైతేంది, అన్న.

"నేను కాదు మామా. నీ బిడ్డ. నేను మునుగుతుంటె గుంజుకొచ్చింది."

మామ నీళ్ళ దిక్కు చెవి పెట్టిండు. "వల విసిరిందా?"

"లేదు."

"అయితె విసురుమను."

సుమిత్ర ఎవ్వల్ని అడుగలే. నా కాళ్ళకెల్లి వల ఇప్పింది, మళ్ళ నీళ్ళల్లకు పోయింది, విసిరింది. వల గుండ్రంగ పరుసుకొని, అంచుకున్న సీసం గుండ్లన్ని ఒక్కసారే నీళ్ళ మీద వడ్డయి. ఆ సప్పుడు విన్నంక మామ తల ఊపుకుంట గట్టు మీద కూసున్నడు.

"అంతా మంచిగనే ఉన్నది లింగన్నా. గానీ ఆడిమనిషాయె. గంగమ్మ అలిగితె?" అని ఐలన్న నసిగిండు.

"గంగమ్మ ఏమన్న మొగోడా ఐలయ్యా?" అన్నడు మామ.

ఆఖరికి ఐలన్న తువ్వాల దులిపి, "రేపటి సంది రమ్మను. లింగం పాలు లింగం ఇంట్లనే ఉంటది" అని లేచిండు.

సుమిత్ర చేపలు వడ్డ వలను గుంజుకొని ఒడ్డెక్కి వచ్చింది. మామ తడుముకుంట ఆమె తడి చెయ్యి దొరకవట్టిండు.

"చిన్నప్పుడు నేనే నేర్పిన. పెద్దమనిషివైనంక నేనే తెప్ప దించిన. ఆనాడు ఏడ్చినవ్ బిడ్డా. విననట్టున్న" అన్నడు.

"ఇప్పుడేడుస్తలేను గదా నాయినా. లే, ఇంటికి పోదాం. ఆకలైతున్నది" అన్నది సుమిత్ర.

చెయ్యి పట్టుకొని ఇద్దరు పోయిండ్రు. నన్ను రమ్మన్నోళ్ళే లేరు. పంచె పిండుకొని, చేపలున్న వలను నెత్తికెత్తుకొని ఎనక నడిచిన.