వేదిక దిగిపోయిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున గుంటూరులో, ప్రభుత్వాసుపత్రి జనరల్ వార్డులో చనిపోయింది. ఫోన్ చేసిన డాక్టరు గొంతులోనూ విసుగే. "మంచం దిగొద్దని చెప్తూనే ఉన్నామండి. పక్క మంచం ముసలావిడకి దుప్పటి ఇవ్వలేదని నర్సుతో పోట్లాడటానికి లేచారు. అక్కడే కూలబడ్డారు."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మాజీ ఎమ్మెల్యే అని ఒక్క మాట చెబితే విడిగా గది ఇచ్చేవాళ్ళు. "చెప్పావో, లేచి ఇంటికి పోతా" అని ముందురోజే నా నోరు మూయించింది.

ఎమ్మెల్యే కాకముందు ఆమె గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే కూలీ. ఆ షెడ్లలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉండేది కాదు. అందుకని సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా పనిచేసేవాళ్ళు. ఒక వేసవిలో పక్కన కూర్చున్న మనిషి స్పృహ తప్పి పడిపోతే పెద్దమ్మ పని ఆపేసి లేచింది. "మేం మనుషులమా, గోతాలమా?" అని యజమానిని నిలదీసింది. ఆ రోజు ఆమెతో లేచినవాళ్ళే తర్వాత సంఘమయ్యారు. మరుగుదొడ్లు కట్టేదాకా గేటు వదల్లేదు.

సంఘం పెరిగింది. చివరికి ఒక పార్టీ ఆమెను పిలిచి, ఆమె పుట్టిన ప్రకాశం జిల్లాలోనే, మా ఊరున్న నియోజకవర్గంలోనే టికెట్టిచ్చింది. గెలిచింది. "దానికి ఫోన్ ఎత్తడం కూడా చేతకాదు, నువ్వెళ్ళి చూసుకో" అని అమ్మ నన్ను తోలింది. అలా ఐదేళ్ళు ఆమె పనులన్నీ నా నెత్తిన పడ్డాయి.

ఆ ఐదేళ్ళలో ఏ సమావేశానికీ వేళకు వెళ్ళలేదు. దారిలో మూటతో నడిచే ఆడమనిషి కనపడితే చాలు, కారు ఆపించి ఎక్కించుకునేది. నేను వెనక డిక్కీలో మూట పక్కన ఇరుక్కుని కూర్చునేదాన్ని. ఆఫీసుల్లో నిలబడి ఉన్నవాళ్ళందరికీ కుర్చీలు వేసేదాకా తాను కూర్చునేది కాదు. అధికారులు నా వైపు జాలిగా చూసేవాళ్ళు. "కుర్చీ మెత్తగా తగిలిందంటే అనుమానించాలే" అనేది.

మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు. అవి తాగీ తాగీ మా అమ్మ మోకాళ్ళు వంగవు. మంచినీళ్ళ పైపులైను కోసం నేను ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చివరికి కొత్త కోల్డ్ స్టోరేజీ ప్రారంభానికి వచ్చే మంత్రి ఆ సభలోనే పైపులైను ప్రకటిస్తానన్నాడు.

ఆ రోజు పెద్దమ్మ వేదిక మీద ఉంది. ఇంతలో గేటు దగ్గర అరుపులు. సంఘం పెట్టారని అదే యజమాని తన పాత షెడ్ల నుంచి తీసేసిన కూలీలు అడ్డంగా కూర్చున్నారు, పోలీసులు లాగేస్తున్నారు. ఆమె లేచింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"పెద్దమ్మా, పది నిమిషాలు ఆగు. ప్రకటన అయిపోనీ."

"పది నిమిషాల్లో వాళ్ళని వ్యానెక్కించేస్తారే."

"మన ఊరి నీళ్ళు! అమ్మ మోకాళ్ళు గుర్తున్నాయా?"

"గుర్తున్నాయి. చెయ్యి వదులు."

దిగిపోయి, ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. మంత్రి మాట్లాడకుండానే వెనక గేటు నుంచి వెళ్ళిపోయాడు. కూలీలను మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. మా పైపులైను వేరే ఊరికి పోయింది. తర్వాతి ఎన్నికల్లో పార్టీ ఆమెకు టికెట్టివ్వలేదు.

సభ అయిన ఆ వారమే, ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆమె తనంతట తానే మా ఊరి బోరు దగ్గరికి వచ్చింది. ఊరి ఆడవాళ్ళంతా కడిగేశారు. అందరికంటే గట్టిగా అరిచింది మా అమ్మే. "నీకు ఓటేసిన చేత్తోనే ఈ విషం మోసుకుంటున్నానే అక్కా!"

"తిట్టండి. కానీ ఆ రోజు నేను లేవకపోతే ఇంకా తిట్టేవాళ్ళు" అంది పెద్దమ్మ.

"ఏం తిట్టేవాళ్ళం కాదు" అంది అమ్మ.

పెద్దమ్మ వంగి, అమ్మ బిందె అందుకుని ఇంటిదాకా మోసింది.

పదవి లేకుండా, కారు లేకుండా, ఆ పైపులైను కోసం ఒంగోలుకు బస్సుల్లో తిరిగింది. ఏళ్ళు పట్టింది. నీళ్ళు వచ్చిన రోజు శిలాఫలకం మీద కొత్త ఎమ్మెల్యే పేరు ఉంది. పెద్దమ్మ జనం వెనకాల నిలబడి చప్పట్లు కొడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "పేరు తాగుతామటే? నీళ్ళు తాగుతాం గానీ" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. కానీ ఈ రోజు మా ఇంట్లో తాగే ప్రతి గ్లాసు ఆమెదే.

సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టేసరికి, తొడిమలు తీసే ఆడవాళ్ళు షెడ్ల నుంచి నేరుగా వచ్చేశారు. చీరల నిండా మిరప దుమ్ము. పాస్టరు గారికి దగ్గు తెర పట్టుకుంది. ఖద్దరు చొక్కాల నాయకులు తుమ్ములు ఆపుకోలేక కండువాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటెక్కిందో తెలియలేదు. ఆ ఆడవాళ్ళు మాత్రం దగ్గకుండా, తుమ్మకుండా, ఒకరి వెనక ఒకరు వచ్చి ఎర్రటి చేతులతో నల్లమట్టి తీసి గోతిలో వేస్తున్నారు.